చాలు అనేదాకా

అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి. నా చేతిరాత ఇట్లా ఉండదు. కాగితం జారుతోంది, దాన్ని అదిమి పట్టడానికి రెండో చేయి ఖాళీ లేదు. ఆరింటికి క్యాంటీన్ శ్యామలమ్మ చాయ్ తీసుకొని వస్తుంది. ఇప్పుడు నాలుగు దాటింది. అప్పటిదాకా జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా పేరు జానయ్య. యాభై ఎనిమిదేళ్ళు. పదో తరగతి తప్పాను, మళ్ళీ కట్టలేదు. దేవరకొండ అవతలి గుట్టల్లో నీళ్ళ కోసం తవ్వుతున్న ఒక సొరంగం దగ్గర మిషన్ గదిలో పని చేస్తాను. పొద్దున నాలుగింటికి లేస్తాను. చుట్ట, బీడీ, కల్లు ఏదీ ముట్టను. సెల్‌ఫోను మిషన్ గదిలోకి తేకూడదని నేనే నియమం పెట్టాను. అందరికంటే ముందు నా ఫోనే బయటి డబ్బాలో పడుతుంది. మనిషి తనకు తాను కట్టుకున్న గీత దాటితే ఇంకొకరికి చెప్పే అర్హత ఉండదని నా నమ్మకం. ఆ గీత నేను ఒకసారి దాటాను. అది కూడా రాస్తాను.

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

సొరంగం పైకప్పు పొడుగునా, సిమెంటు పూత లోపల ఒక కేబుల్ వేశారు. దాని నడుమ వెంట్రుకంత గాజు తీగ ఉంటుంది. మిషన్ ఆ తీగలోకి వెలుగు పంపుతుంది. అందులో రవ్వంత వెనక్కి వస్తుంది. వచ్చిన వెలుగును బట్టి ఏ మీటరు దగ్గర ఎంత వేడి, ఏ మీటరు దగ్గర తీగ ఎంత సాగింది అన్నది మిషన్ పట్టుకుంటుంది. ఐదు నిమిషాలకోసారి తెర మీద కొత్త గీత పడుతుంది. ఎక్కడైనా వేడి తగ్గితే నీళ్ళు ఊరుతున్నాయని అర్థం. సాగుడు పెరిగితే పైన రాయి కదులుతోందని అర్థం. తెర మీద సాగుడు అంకె ఆరు వందలు దాటితే పైవాళ్ళకు చెప్పి లోపలి మనుషులను బయటికి పిలవాలి. అది రాసిపెట్టిన నియమం.

కేబుల్ మొదటి ఇరవై మీటర్లు ఈ గదిలోనే చుట్టగా చుట్టి, తలుపు పక్కన మేకుకు ఊడిరాకుండా కట్టి వేలాడదీశారు. గదిలో ఏసీ ఉంటుంది కనుక ఆ చుట్ట ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీలే. సొరంగం లోపల మాత్రం ఏ కాలమైనా ఇరవై తొమ్మిది.

తెర మీద మీటరు నంబరు కనిపిస్తుంది కానీ, ఆ మీటరు సొరంగంలో కచ్చితంగా ఏ జాగాలో ఉందో మిషన్‌కు తెలియదు. అందుకని దాదాపు ప్రతి వంద మీటర్లకు కేబుల్‌ను కొంచెం బయటికి తీసి గోడ మీద ఇనుప పెట్టెలో పెట్టారు. ప్రతి పెట్టె పక్కన మిషన్ గదికి కలిపిన వైరు ఫోను ఒకటి ఉంటుంది. ఒక మనిషి లోపలికి పోయి, పెట్టె తెరిచి, ఆ కేబుల్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకోవాలి. మనిషి చేతి వేడికి తెర మీద ఆ మీటరు దగ్గర గీత చిన్న గుట్టలా లేస్తుంది. ఆ నంబరును పెట్టె మీద రంగుతో రాస్తాం. వేడినీళ్ళ సంచి పెట్టొచ్చని ఇంజనీర్లు అన్నారు. సంచి చల్లారిపోతుంది, చేయి చల్లారదు. మా దగ్గర దాన్ని చెయ్యిపట్టు అంటారు. రెండు గీతలు సరిగా పడాలంటే పది నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి.

మూడేళ్ళ కిందట చెయ్యిపట్టు పని ఏసోబుది. హాలియా దగ్గరి మనిషి. అతని భార్య బిక్షమ్మ మా ఊరి ఆడబిడ్డ, నన్ను అన్నా అంటుంది. ఆ వరసన ఏసోబు నాకు బావ, నేను అతనికి బావ. నవ్వుతూ పని చేసే మనిషి. నాకు నవ్వు తక్కువ.

ఒకరోజు ఏసోబు నాలుగు నిమిషాలకే చేయి తీసి, పది అయ్యాయని ఫోనులో చెప్పాడు. తెర మీద గుట్ట కూలిపోవడం నేను చూశాను. బయటికి వచ్చాక నలుగురిలో నిలదీశాను.

"దొంగపట్టు పడతవా? కూలి మాత్రం నిండుగ కావాల్నా?"

"రెక్కలు గుంజుతున్నయి బావా. చేతులు మీదికెత్తి పది నిమిషాలు నువ్వు నిలబడి చూడు."

"చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలె."

ఏసోబు నవ్వాడు. "నీ మిషన్ నా పెండ్లాం కంటే ఎక్కువ అనుమానపడ్తది. సరే తీ. ఏసయ్య మీద ఒట్టు. ఇగ నువ్వు చాలు అనేదాక చెయ్యి తియ్య. సచ్చినా తియ్య. అయిందా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. అట్లా ఉండాలి మనిషి అని అన్నాను.

వారం తర్వాత పద్దెనిమిదో పెట్టె దగ్గర చెయ్యిపట్టు. మీటరు నంబరు పద్దెనిమిది వందల పన్నెండు. పది నిమిషాలయ్యాయి కానీ రెండో గీత శుభ్రంగా పడలేదు. సాగుడు ఐదు వందల నలభై చూపింది. ఆరు వందలు దాటలేదు. నియమం ప్రకారం ఫికర్ లేదు. ఇంకో పది నిమిషాలు పట్టుకోమని ఫోనులో చెప్పాను. "నేను చెప్పేదాక తియ్యకు," అన్నాను. పదిహేడో నిమిషంలో పైకప్పు నుంచి బల్ల అంత రాయి ఊడి ఏసోబు మీద పడింది.

తర్వాత సూపర్‌వైజర్ ఒక కాగితం రాశాడు. పది నిమిషాలు కాగానే ఇక చాలు, బయటికి రా అని జానయ్య చెప్పాడని, ఏసోబు మాట వినకుండా లోపలే కూర్చున్నాడని అందులో ఉంది. చదివాను. రెండుసార్లు చదివాను. సంతకం పెట్టాను.

చాలు అని నేను అనలేదు.

మొన్న ఆదివారం దాకా ఆ పెట్టె జోలికి ఎవరూ పోలేదు. పోయిన నెల కేబుల్‌ను ఒకచోట కోసి అతికారు. అతికితే నంబర్లు జరుగుతాయి, కనుక అన్ని పెట్టెల దగ్గరా మళ్ళీ చెయ్యిపట్టు చేయాలి. పదిహేడు అయ్యాయి. ఆదివారం మధ్యాహ్నానికి పద్దెనిమిదోది ఒక్కటే మిగిలింది. ఫహీం అనే ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు బ్యాటరీ బండి మీద లోపలికి పోయాడు. నార్కట్‌పల్లిలో వాళ్ళ నాన్న బషీర్‌కు పంక్చర్ల షాపు ఉంది. రేపో మాపో ఈ పిల్లవాడికి నిఖా.

రెండు నలభైకి ఫోను మోగింది.

"కాకా, పెట్టె తెరిచిన. పట్టుకుంటున్న."

"పట్టుకో. నేను చెప్పేదాక తియ్యకు."

మాట నోటి నుంచి వెళ్ళిపోయాక గుర్తుకొచ్చింది. అవే మాటలు. మూడేళ్ళుగా ఆ మాటలు ఎవరితోనూ అనలేదు.

మొదటి గీత పడింది. పద్దెనిమిది వందల పన్నెండు. ముప్పై నాలుగు డిగ్రీలు. కేబుల్ కోసి అతికిన తర్వాత కూడా ఆ నంబరు మారలేదు. మిగతా పదిహేడు పెట్టెలవి తలా రెండు మీటర్లు జరిగాయి. ఇది జరగలేదు. నంబరు రాసుకున్నాను.

రెండో గీత. గుట్ట వెడల్పయింది. పద్దెనిమిది వందల పన్నెండే కాదు, పక్కనున్న పదమూడో మీటరు కూడా వెచ్చగా ఉంది. ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి పట్టుకుంటే ఇట్లా పడుతుంది. గీత శుభ్రంగా లేదు. శుభ్రంగా లేని నంబరు నేను రాయను. ఫోను ఎత్తాను.

"ఫహీం, ఇంకో పది నిమిషాలు."

అటు నుంచి, "ఊఁ."

అంతే. ఫహీం అట్లా ఊఁ కొట్టే పిల్లవాడు కాదు. ఒక మాట చెబితే పది మాటలు అంటాడు. అలిసిపోయాడేమో అనుకున్నాను. ఫోనులో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. పెట్టేశాను.

గదిలో తడి సిమెంటు వాసన వచ్చింది. ఈ గదిలో ఆ వాసన రాదు. తలుపు, కిటికీ మూసే ఉంటాయి. తడి సిమెంటు, దాని వెనక బీడీ పొగ... ఏసోబు బీడీ తాగేవాడు.

మూడో గీత. పదమూడో మీటరు చల్లారింది. పన్నెండు మాత్రం ముప్పై నాలుగు. సూదిమొనలా శుభ్రమైన గుట్ట. అంత కదలకుండా పట్టుకున్న చేతులను నేను ఈ ఉద్యోగంలో చూడలేదు. సాగుడు వైపు చూశాను.

ఐదు వందల నలభై.

అప్పటి అంకె. అదే జాగా. ఆరు వందలు దాటలేదు. నియమం ప్రకారం ఫికర్ లేదు... మళ్ళీ ఫోను ఎత్తాను.

"ఫహీం... వినిపిస్తాందా?"

చుక్క. చుక్క. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. చాలా సేపు బరువు మోసిన మనిషి పీల్చే ఊపిరి.

"ఫహీం!"

"పట్టుకోనే ఉన్న."

గుసగుస. ఎక్కడో దూరం నుంచి కాదు. చెవి పక్కనే.

"ఎవరు?"

"పట్టుకోనే ఉన్న... బావా."

ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"రెక్కలు గుంజుతున్నయి బావా... ఇంకెంతసేపు?"

వెనక తలుపు తెరుచుకుంది. తల తిప్పాను. గుమ్మంలో ఫహీం. చొక్కా అంతా చెమట. హెల్మెట్ చేతిలో ఉంది.

"కాకా, తిట్టకు," అన్నాడు. పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఐదారు నిమిషాలకే వచ్చేసిన."

ఫోను నా చెవి దగ్గరే ఉంది. అటు ఊపిరి వినిపిస్తూనే ఉంది. తెర మీద పన్నెండో మీటరు ముప్పై నాలుగు.

"మరి... ఎవరు పట్టుకున్నరు?"

"నాకు ఎరకలేదు కాకా. నేను పట్టుకొని నిలబడ్డ. నా చేతుల మీద ఇంకో రెండు చేతులు పడ్డయి. ఎన్కకెళ్లి. మొఖం చూడలే, ఖుదా కసం, చూడబుద్ధి కాలే. వెచ్చగ ఉన్నయి కాకా. సచ్చినోళ్ళ చేతులు సల్లగ ఉండాలె గదా? వెచ్చగ ఉన్నయి. 'నువ్వు పో పిల్లగా, నేను పట్టుకుంట' అన్నడు. నేను చెయ్యి తీసిన. ఉరికొచ్చిన."

చెప్పిన పని మధ్యలో వదిలి వచ్చినవాడిని నేను జీవితంలో క్షమించలేదు. ఆ రోజు ఆ పిల్లవాడి భుజం పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టాను.

నాలుగో గీత పడింది. సాగుడు ఐదు వందల నలభై. రవ్వంత కూడా పెరగలేదు. అప్పుడు నాకు తట్టింది. మూడేళ్ళుగా ఆ జాగాలో సాగుడు ఐదు వందల నలభై దగ్గరే ఆగి ఉంది. కిందికి రాలేదు, మీదికి పోలేదు. రాయి నిలబడిందని ఇంజనీర్లు రాసుకున్నారు. రాయి దానంతట అది నిలబడలేదు.

"బావా..." ఫోనులో. "చెప్పు బావా..."

ఫహీం నా మొహం చూస్తున్నాడు. అతని ముందు ఆ మాట అంటే, మూడేళ్ళ కిందట అనలేదని ఒప్పుకున్నట్టే. అయినా సిగ్గుపడేంత ఓపిక కూడా నాలో మిగల్లేదు.

"చాలు ఏసోబు," అన్నాను. "చాలు బావా. చెయ్యి తియ్."

పెద్ద నిట్టూర్పు. పొలం నుంచి వచ్చి మంచం మీద వాలిన మనిషి విడిచేటటువంటిది.

తర్వాత నేల అదిరింది. గుట్ట లోపల నుంచి మోత వచ్చింది. సొరంగం నోట్లోంచి తెల్లటి దుమ్ము బయటికి తన్నుకొచ్చి కిటికీ అద్దాన్ని కప్పేసింది. తెర మీద గీత పద్దెనిమిది వందల పదకొండో మీటరు దగ్గర తెగిపోయింది. అవతల ఏమీ లేదు. ఫహీం నేల మీద కూర్చొని ఏడ్చాడు. నా మాట విని ఉంటే వాడు అక్కడే నిలబడి ఉండేవాడు.

మరుసటి రోజే హాలియా బస్సెక్కాను. బిక్షమ్మ నాట్ల నుంచి అప్పుడే వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. కాళ్ళు కడుక్కొని, నాకు నీళ్ళిచ్చి, గడప మీద కూర్చుంది. గోడ మీద చర్చివాళ్ళ క్యాలెండర్. అంతా చెప్పాను. కాగితంలో రాసింది అబద్ధమని, నేను చాలు అనలేదని చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా నాకు తేలికయ్యేది.

"గీ మాట చెప్పనీకి మూడేండ్లు పట్టిందా అన్నా," అంది.

నేను తల వంచుకున్నాను.

"మాట వినక సచ్చిండని ఊరంత అన్నది. చర్చిల గూడ అన్నరు. నేను నమ్మలే. ఆయన నోటితోని నవ్వులాడుతడు గని ఒట్టు తప్పడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మనిషిని ఇంటికి తెచ్చినప్పుడు నేనే కడిగిన. ఒళ్ళంత సల్లబడ్డది. చేతులు మాత్రం సల్లబడలే అన్నా. వేళ్ళు గిట్ల ముడుసుకొని ఉన్నయి, ఏదో పట్టుకున్నట్టు. ఎంత గుంజినా రాలే. గట్లనే పెట్టెల పెట్టి పూడ్చినం. నా మతి పోయిందని ఎవలకు చెప్పలే."

"ఇప్పుడు తీసిండు చెల్లె. నేను చాలు అన్న."

బయట కోళ్ళు గూటికి చేరుతున్నాయి.

"ఆయన తీసిండు," అంది. "మరి ఇప్పుడెవలు పట్టుకున్నరు?"

చీకటి పడకముందే బస్సెక్కి వచ్చేశాను.

సూపర్‌వైజర్‌కు నిజం రాసి ఇచ్చాను. మూసిన ఫైలు మళ్ళీ తెరవొద్దన్నాడు. పైకి పంపమన్నాను. బల్ల సొరుగులో పెట్టుకున్నాడు.

ఇక ఇవాళ సంగతి. గురువారం. పడిన రాయి, మట్టి తీయడానికి పొద్దున పదకొండు మంది లోపలికి పోయారు. పదిహేడో పెట్టె దాటి పని చేస్తున్నారు. వాళ్ళలో ఫహీం ఉన్నాడు, నేను వద్దంటే వినలేదు. పెళ్ళి ఖర్చులున్నాయి కాకా అన్నాడు. ఆరింటికి పని దిగుతారు.

రోజూ మధ్యాహ్నం మూడున్నరకు మిషన్ సరిగా చూపుతోందో లేదో పరీక్షించాలి. అది కూడా నేను పెట్టుకున్న నియమమే. మేకుకు వేలాడే చుట్టను అరచేత్తో పట్టుకుంటే, ఈ గదిలో ఉన్న మీటరు వెచ్చబడి గీత లేవాలి. ఇవాళ కూడా ఎడమ చేత్తో పట్టుకున్నాను. గీత పడింది.

చుట్ట దగ్గర ఇరవై రెండు. కదల్లేదు. నా చేయి అక్కడ లేనట్టే ఉంది.

గీత పద్దెనిమిది వందల పదకొండో మీటరు దాకా పోయింది. ఆగలేదు. తెగిపోయిన చోటు దాటింది. కేబులే లేని చోట, రాళ్ళ కింద, పద్దెనిమిది వందల పన్నెండో మీటరు దగ్గర... గుట్ట లేచింది. ముప్పై నాలుగు.

పక్క మీటర్ల సాగుడు చూశాను. ఐదు వందల ఎనభై ఆరు. నిలకడగా ఉంది.

భయపడి చేయి తీశాను. ఐదు నిమిషాలకు ఇంకో గీత. ఐదు వందల తొంభై ఆరు.

మళ్ళీ పట్టుకున్నాను. ఆగింది.

ఇంకోసారి తీసి చూసే ధైర్యం నాకు లేదు. ఆరు వందలకు ఇంకా నాలుగు ఉంది కనుక నియమం ప్రకారం ఫికర్ లేదని ఇవాళ అనుకోలేదు. పదిహేడో పెట్టె ఫోను చేశాను. ఎవరో ఎత్తారు. మాట లేదు. సన్నగా, నిదానంగా ఊపిరి... బాగా అలిసిన మనిషి నిద్రపోతున్న ఊపిరి. ఎంత అరిచినా లేవలేదు. సూపర్‌వైజర్ గదికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. తలుపును కాలితో తెరిచి కేక వేశాను. బయట జనరేటర్ మోత తప్ప ఎవరూ లేరు. నా సెల్‌ఫోను పది అడుగుల దూరంలో డబ్బాలో ఉంది. మోగుతోంది కూడా. చేయి చాస్తే అందదు.

ఏసోబు చెప్పింది నిజం. పది నిమిషాలకే రెక్క గుంజడం మొదలవుతుంది. ఇప్పటికి గంటకు పైనే అయింది. భుజం తిమ్మిరెక్కి, తిమ్మిరి కూడా పోయింది. వేళ్ళు ముడుచుకున్నాయి. ఇప్పుడు నేనుగా తీద్దామన్నా వస్తాయో రావో తెలియదు. అలుపుగా ఉంది. అయినా తీయను. మాట మాటే.

ఈ కాగితం చదివేవాళ్ళు ముందు లోపలున్న పదకొండు మందిని బయటికి పిలవండి. లెక్క పెట్టుకోండి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి చాలు అని చెప్పండి. ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. కాగితం మీద రాస్తే సరిపోదు.

నాలుగు యాభై. కొత్త గీత ఇప్పుడే పడింది. నేను పట్టుకున్నది ఒక్క చేత్తో. తెర మీద పన్నెండో మీటరు ముప్పై నాలుగు దగ్గర అట్లాగే ఉంది.

దాని పక్కన పదమూడో మీటరు కూడా వెచ్చబడుతోంది.